చివర ఎవరు?

పోయిన వారం మనం పెసోచ్న స్టేషను ప్లాట్‌ఫారం మీద, మంచులో, నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడి ఉన్నాం. మధ్యాహ్నం బండి కదిలిపోతోంది. ఆ రోజు వరుసలో ఎవరికీ ఒక్క బేరం తగల్లేదు. ఏడో పెట్టె కిటికీ మా ముందు నుంచి జారుతూ పోతుంటే, లోపల చిన్న బల్ల మీద, చెర్రీ పళ్ళ బొమ్మతో, మా ఫ్యాక్టరీ కెటిల్ ఆవిరి కక్కుతూ కనిపించింది. "మన కెటిల్ మనకంటే ముందే బండెక్కింది! మనలోనే ఉన్నాడు దొంగ!" అని గ్రెబ్నేవ్ పెట్టిన కేక దగ్గర ఆగాం. ఆ దొంగని నేనే అని మీకు తెలుసు. వరుసకి తెలీదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి ఒక మాట చెప్పాలి. మా ఊరికి ఉన్నది ఒక్కటే ఫ్యాక్టరీ, ఎనామిల్ సామాన్లది. డబ్బులు లేవని జీతానికి బదులు కెటిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. ఊరంతా కెటిళ్ళే. పక్కింటివాడికి అమ్ముదామంటే వాడి మంచం కిందా అవే. మిగిలింది బండి ఒక్కటే. దూరాలు పోయే బండి మా దగ్గర ఇంజను మార్చుకోడానికి కాసేపు ఆగుతుంది. ఆ కాసేపట్లోనే మా వారం గడవాలి.

మా తాత తండ్రుల్లో అమ్మినవాడు లేడు. మాకొచ్చిన విద్యల్లా కొనడానికి వరుసలో నిలబడటం. చక్కెరకి నిలబడ్డాం, బూట్లకి నిలబడ్డాం, ఏమిస్తున్నారో తెలియకుండా కూడా నిలబడ్డాం. అందుకని అమ్మడానికి కూడా వరుసే కట్టాం. వచ్చినవాడు "చివర ఎవరు?" అని అడుగుతాడు. చివరివాడు "నేను" అనాలి. "అయితే మీ వెనక నేను." ఆ మాటతో చోటు ఖాయం. మధ్యలో ఇంటికెళ్ళి సూప్ తాగొచ్చినా నీ చోటు నీదే. బండి రాగానే ముందున్నవాడు అమ్మి చివరికి పోతాడు, తర్వాతివాడు ముందుకొస్తాడు. ప్రయాణికుడు వెనక ఎవరిదో కెటిల్ నచ్చి చెయ్యి చాపితే "ఆవిడ వంతండీ, ఆవిడ దగ్గరే తీసుకోండి" అని మేమే తిప్పి పంపేవాళ్ళం. ధర సోమవారం సోమవారం చేతులెత్తి ఖాయం చేసేవాళ్ళం. ఎవరూ తగ్గించకూడదు. బండిలోవాళ్ళు మమ్మల్ని చూసి కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వనీ. మాస్కోలో ఎవరో ధరల మెడకున్న గొలుసు ఒక్క పూటలో విప్పి వదిలారు. అవి ఊరూరా తిరిగి జనం ముసలితనానికి దాచుకున్నదంతా కొరుక్కుతిన్నాయి. ఆ కుక్కల్ని మా ప్లాట్‌ఫారం మీదికి మాత్రం రానివ్వకూడదనుకున్నాం.

రానిచ్చింది నేను.

ఆకలికి చేశానని చెప్పుకుంటే సగం పాపం పోయేది. ఆకలి కాదు. ఇరవై ఏళ్ళు ఎనామిల్ తొట్టిలో ముంచి తీసిన ఈ చేతులతో కెటిల్ పట్టుకుని, ఎవడో చారల పైజామావాడు పెట్టె మెట్ల మీద పళ్ళు కుట్టుకుంటూ పైనుంచి కిందికి చూస్తుంటే ఎదురుగా నిలబడటం నావల్ల కాలేదు. అడుక్కుంటున్నట్టుండేది. అందుకని తెల్లారగట్ల లోకల్ బండిలో మాకంటే ముందొచ్చే స్టేషను లిపొవోకి పోయి, పొద్దున అక్కడ చాలాసేపు ఆగి ఉండే ఆ దూరాల బండిలో ఏడో పెట్టె చూసుకునే రిమ్మ చేతిలో సంచీ పెట్టడం మొదలుపెట్టాను. రోజు విడిచి రోజు ఆవిడ వంతు. లిపొవో దాటగానే పెట్టె పెట్టెకీ తిరిగి వరుస ధర కంటే తక్కువకి అమ్మేసేది. పైగా, "పెసోచ్నలో దిగి కొనకండి, వాళ్ళు అమ్మేవి పారేసిన సరుకు" అని చెప్పేదట. అలా చెప్పమని నేను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

అసలు సిగ్గుచేటు అది కాదు. సంచీ అక్కడ ఇచ్చేశాక మధ్యాహ్నం మామూలుగా వచ్చి వరుసలో నిలబడేవాణ్ణి, అనుమానం రాకుండా. ముందుకొచ్చే వేళకి నా వంతు వెనకవాళ్ళకి ఇచ్చేసి చివరికి పోయేవాణ్ణి. "మకారిచ్ బంగారంరా, తన నోటి దగ్గర ముద్ద తీసి ఇస్తాడు" అని పేరొచ్చింది. ఆ పేరు వల్లే, ఆ కేక పెట్టిన రెండో రోజు, పొద్దున నేను ఇంకో సంచీ ఇచ్చి తిరిగొచ్చేసరికి గ్రెబ్నేవ్ నా దగ్గరికి వచ్చాడు.

"కోర్టు పెడుతున్నాం మకారిచ్. నువ్వే కూర్చోవాలి."

"ఏం కోర్టయ్యా?"

"మన కోర్టే. ఫ్యాక్టరీలో పెట్టేవాళ్ళం కదా, తోటివాళ్ళ కోర్టు. తాగొచ్చినవాణ్ణి, ఫ్యాక్టరీ రంగుతో ఇంటి కంచెకి రంగేసుకున్నవాణ్ణి నిలబెట్టి అడిగేవాళ్ళం. అప్పుడూ కోర్టు పెద్ద నువ్వే కదా. నీ మాటకి ఎదురు చెప్పినవాడున్నాడా?"

గ్రెబ్నేవ్ ఫ్యాక్టరీ యూనియన్ కార్యదర్శి. యూనియన్ పోయింది గానీ కార్యదర్శి పోలేదు. ఎవరి తర్వాత ఎవరో మొత్తం వరుస వాడి బుర్రలో ఉంటుంది.

"నాకు వంట్లో బాగోలేదు" అన్నాను.

"కూర్చోడానికి ఒళ్ళెందుకు? పద."

స్టేషను వెయిటింగ్ రూములో పొయ్యి సగం రాజుకుని పొగ కక్కుతోంది. బెంచీల మీదా కింద మూటల మీదా అందరూ కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో కెటిల్, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. ఫ్యాక్టరీలో అయితే బల్ల మీద ఎర్ర గుడ్డ ఉండేది. గ్రెబ్నేవ్ అటూ ఇటూ చూసి, కొలిమి సెక్షన్ జోయా మెడలోంచి ఎర్ర మఫ్లర్ లాగి టికెట్ల కిటికీ ముందున్న పలక మీద పరిచాడు.

"ఇటివ్వవయ్యా, మెడ గడ్డకడుతోంది!" అంది జోయా. "మీ న్యాయానికి నేను జలుబు తెచ్చుకోవాలా?"

"కాసేపేనమ్మా."

"సోషలిజానికి కూడా కాసేపే అన్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అయిపోకూడదని మనసులో మొక్కుకున్నాను. అయిపోయింది.

"చెప్పు జోయా, నువ్వేం చూశావో" అన్నాడు గ్రెబ్నేవ్.

జోయా లేచింది. ఇందాకటి హాస్యం ముఖంలో లేదు. "నేనెవరి మీదా కక్షతో చెప్పట్లేదు. మంగళవారం పొద్దున లిపొవో నుంచి వచ్చే లోకల్ బండి దిగుతుంటే చూశాను. భుజాన సంచీ. నడుస్తుంటే లోపల ఇనుము మోగుతోంది. కెటిల్ మూత చప్పుడు నాకు తెలీదా, నిద్రలో కూడా వినబడుతుంది."

మంగళవారం నేను లిపొవో వెళ్ళాను. కానీ వచ్చేటప్పుడు నా భుజాన సంచీ లేదు. సంచీ రిమ్మ దగ్గరుంది.

"ఎవరు దిగారు?" అన్నాను.

"కాపా పిన్ని."

పొయ్యి పక్కన మూట మీద కూర్చున్న కాపా పిన్ని తల కూడా ఎత్తలేదు. ముప్పై ఏళ్ళు కెటిళ్ళకి బొమ్మలంటించిన మనిషి. తడి కాగితం మీంచి చెర్రీలని కెటిల్ మీదికి జార్చి, వేలితో ఒత్తి, నీళ్ళు పిండేస్తుంది. మా అందరి ఒళ్ళో ఉన్న చెర్రీలూ ఆవిడ చేతివే. నేను ఏడో తరగతి మధ్యలో వదిలేసి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఆసిడ్ తొట్టి దగ్గర నిలబెట్టారు. నా సైజు తొడుగులు లేవన్నారు. కాపా పిన్ని తన రబ్బరు తొడుగులు విప్పి నాకిచ్చి, చలికాలమంతా వట్టి చేతులతో తడి కాగితాలు అంటించింది. ఈ చేతులు ఇవాళ ఆసిడ్‌కి కాలకుండా ఉన్నాయంటే అందుకే. ఇప్పుడా చేతులే ఎర్ర మఫ్లర్ మీద పెట్టుకుని ఆవిణ్ణి అడగాలి.

"కపితొలీనా యెగోరొవ్న, లేచి నిలబడండి."

"అబ్బో, పూర్తి పేరే!" అంది లేస్తూ. "పోయాక సమాధి శిలువ మీదే చూస్తాననుకున్నా. అడుగు నాయనా."

"మంగళవారం లిపొవో వెళ్ళారా?"

"వెళ్ళాను."

"సంచీలో ఏమున్నాయి?"

"కెటిళ్ళు."

గదిలో ఒక్కసారిగా రొద లేచింది. గ్రెబ్నేవ్ ఒక కెటిల్ మూత తీసి పలక మీద టంగుటంగున కొట్టాడు.

"ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. మోసుకెళ్ళినట్టే మోసుకొచ్చాను."

"కెటిళ్ళని షికారు తిప్పావా పిన్నీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"గాలి మారితే మంచిదని."

"పిన్నీ, ఆటలు కాదు" అన్నాడు గ్రెబ్నేవ్. "అక్కడ మనవాళ్ళెవరైనా కనిపించారా? ఉంటే చెప్పు. నువ్వు కాకపోతే ఇంకెవరో ఉండాలి కదా."

అప్పుడు తలెత్తింది. గ్రెబ్నేవ్ వంక కాదు, నా వంక చూసింది. కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూస్తారే, అలా కళ్ళు చికిలించి చూసింది.

"అడుగుతున్నది గ్రెబ్నేవా, కోర్టా?"

"కోర్టే" అన్నాడు వాడు.

"కోర్టుకి తెలియంది నా దగ్గరేముంది?"

ఆవిడకి తెలుసు. లేదా తెలీదు, మాటవరసకి అంది. ఇంట్లో మా ఆవిడ నీనా తెచ్చిన పిండి, వెన్న, నిన్న రాత్రి నేను రెండోసారి వడ్డించుకున్న పంది మాంసం, అన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. 'రిమ్మ దగ్గరున్న సంచీ నాది' అంటే అయిపోతుంది. వరుసలోంచి పోతాను, పేరు పోతుంది, నీనాకి వీధిలోకి రావడానికి ముఖం ఉండదు. కాపా పిన్ని మాత్రం వరుసలో మిగులుతుంది.

నోరు తెరిచాను. "దీని మీద ఇంకెవరైనా మాట్లాడతారా?" అని వచ్చింది.

జోయా మాట్లాడింది. ముసలావిణ్ణి వదిలేద్దామంది, ఒకసారికి మందలించి పోనిద్దామంది. చూసి చెప్పినావిడే జాలి పడింది. గ్రెబ్నేవ్ ఒప్పుకోలేదు. "జాలి నాకూ ఉంది. కానీ ఇవాళ పిన్నిని వదిలేస్తే రేపు నువ్వు తగ్గిస్తావు, ఎల్లుండి నేను తగ్గిస్తాను. వారం తిరక్కముందే ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటాం. బండిలోవాళ్ళు కిటికీలోంచి చూస్తూ, ఎవడు ఎక్కువ కిందికి దిగుతాడా అని కూర్చుంటారు. వరుస ఉంటే మనం మనుషులం. అది పోతే ఏముంది? ధర తగ్గించినవాళ్ళకి శిక్ష ఏంటో మకారిచ్ అప్పుడే చెప్పాడు, అందరం ఒప్పుకున్నాం."

నిజమే. వెలి వెయ్యాలన్నది నేనే. నా సంచీ మొదటిసారి లిపొవో వెళ్ళిన వారమే చెప్పాను. గట్టిగా చెప్పాను. అప్పుడు కూడా బంగారమన్నారు.

వెలి అంటే పెద్ద మాటే గానీ శిక్ష చిన్నదే. నీళ్ళ పంపు అవతలికి పోయి ఒంటరిగా నిలబడాలి. బండి పెట్టెలు అక్కడిదాకా రావు.

"వెలికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

మొదట గ్రెబ్నేవ్. తర్వాత ఒకటీ ఒకటీ. కెటిల్ ఒళ్ళోంచి తీసి కింద పెట్టి, చెయ్యెత్తి. జోయా చాలాసేపు బూట్లకేసి చూసుకుని ఎత్తింది.

"వద్దనేవాళ్ళు?"

ఎవరూ లేరు.

"కోర్టు పెద్ద చెయ్యి చివర లేవాలి" అన్నాడు గ్రెబ్నేవ్. వాడు పద్ధతి మర్చిపోడు.

ఎత్తాను. ఇనప దిమ్మ ఎత్తినా అంత కష్టం కాదనుకుంటాం కదా. అబద్ధం. తేలిగ్గానే లేచింది. అదే ఇప్పటికీ నన్ను తినేది.

కాపా పిన్ని తలపాగాలా చుట్టుకున్న శాలువా బిగించుకుని, తన కెటిల్ తీసుకుంది. "మంచిది" అంది. "జోయా, మఫ్లర్ తీసుకో అమ్మా, మెడ జాగ్రత్త."

బండి వేళయింది. అందరం బయటికొచ్చి వరుస కట్టాం. నేనెప్పట్లాగే చివర. నీళ్ళ పంపు అవతల, మంచు తొక్కని చోట, ఆవిడ ఒక్కతే నిలబడింది. గాలికి శాలువా కొసలు ఎగురుతున్నాయి. ఎవరూ అటు చూడట్లేదు. చూడకపోవడంలో అందరం ఒక్కటయ్యాం.

దూరాన ఇంజను కూత వినబడింది. అప్పుడు ఆవిడ కదిలింది. కెటిల్ ఒక చేత్తో, ఖాళీ చెయ్యి గాల్లో ఊపుకుంటూ, పంపు దాటి నేరుగా వరుస చివరికి, అంటే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"చివర ఎవరు?" అని అడిగింది. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగినట్టే, మర్యాదగా.

వరుస అంతా బిగుసుకుపోయింది. మా దగ్గర ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోవడమన్నది లేదు. శత్రువు అడిగినా చెప్పాలి. వెలి వేసినవాళ్ళు అడిగితే ఏం చెయ్యాలో మా నియమాల్లో లేదు. గ్రెబ్నేవ్ ముందు నుంచి మెడ సాచి చూస్తున్నాడు. "చెప్పకు మకారిచ్" అన్నాడు.

"చివర ఎవరు?" అంది మళ్ళీ, నా కళ్ళలోకి చూస్తూ.

బండి పొగమంచుని తోసుకుంటూ లోపలికి వచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటే దాటి, బ్రేకులు కీచుమని, ఏడో పెట్టె సరిగ్గా మా ఇద్దరి ఎదుట ఆగింది. తలుపు తెరుచుకుంది. రిమ్మ. టోపీ పక్కకి జరిగింది, ముఖం ఎర్రగా ఉంది. మెట్లు దిగకుండానే చంకలోంచి ఒక సంచీ తీసి మా కాళ్ళ దగ్గర విసిరేసింది.

"తీసేయండి దీన్ని! ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు, రెండు పెట్టెల అవతలున్నాడు. అన్నీ అమ్ముడయ్యాయి. ఎల్లుండి ఇంకా తెండి!"

అని లోపలికి పోయింది.

ఖాళీ సంచీ మంచు మీద పడుంది. మా ఊళ్ళో అందరి సంచులూ ఒకటే, ఫ్యాక్టరీకి ఎనామిల్ పొడి వచ్చే సంచులు. దాని మీద ఎవరి పేరూ లేదు. వరుస మొత్తం తల తిప్పింది. మా ఇద్దరినీ చూస్తోంది. ఇద్దరి మధ్య సంచీని చూస్తోంది. నేను వంగబోతున్నాను. తీసుకోడానికో, అవతలికి తోసెయ్యడానికో నాకే తెలీదు.

కాపా పిన్ని నాకంటే ముందు వంగింది. సంచీ తీసి, మంచు దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

"నాదే" అంది, అందరికీ వినబడేలా.

"చూశారా!" అని గ్రెబ్నేవ్ గొంతు పగిలింది. "చూశారా, మనం తప్పు చెయ్యలేదు!" ఎవరో ఉమ్మేశారు. జోయా ముఖం తిప్పుకుంది. వరుస అంతా ఊపిరి పీల్చుకుంది. చేతులెత్తినందుకు ఇక ఎవరికీ నిద్ర చెడదు. ఆ ఊపిరిలో నాది కూడా ఉంది. అందరికంటే పెద్దది నాదే.

ప్రయాణికులు దిగుతున్నారు, బేరాలు మొదలయ్యాయి, జనం మమ్మల్ని మర్చిపోయారు. ఆవిడ ఇంకా దగ్గరికి జరిగింది. ఉల్లిపాయ వాసన, తడి ఉన్ని వాసన.

"మంగళవారం నేను కూడా ఆ పిల్లకి ఇవ్వడానికే వెళ్ళాను రా" అంది లోగొంతుకతో. "ఇంట్లో పొయ్యి వెలగక. ముందు నువ్వున్నావు. సంచీ ఇస్తూ నువ్వు నాలుగు వైపులా చూసిన చూపు చూశాను. అమ్మో, నా ముఖం కూడా ఇలాగే ఉంటుంది కాబోలు అని సిగ్గేసి తిరిగొచ్చేశాను."

నేను వరుస ముందుకి చూశాను. గ్రెబ్నేవ్ బేరంలో ఉన్నాడు.

"సిగ్గుపడ్డదాన్ని పంపు అవతల నిలబెట్టారు. సరే. వెలిలో ఉన్నవాళ్ళకి వరుస ధరకే అమ్మాలన్న కట్టు ఉండదు కదా?" చంకలో సంచీ సర్దుకుంది. "మూడోసారి అడుగుతున్నా. చివర ఎవరు?"

"నేనే, పిన్నీ."

"అయితే నీ వెనక నేను" అంది. "ఎల్లుండి, తెల్లారగట్ల బండిలో."